గోడ వెనక ఏరు

ఇటలీలోని ఇమోలా రేస్ ట్రాక్‌లో టాంబురెల్లో అనే ఎడమ వంపు ఉండేది. కార్లు గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో తిరిగే ఆ వంపులో, ట్రాక్‌కు బాగా చేరువగా ఒక కాంక్రీటు గోడ. 1989లో ఫార్ములా వన్ డ్రైవర్ గెర్హార్డ్ బెర్గర్ కారు ఆ గోడకు కొట్టుకుని భగ్గుమంది. అతడు కాలిన చేతులతో బతికి బయటపడ్డాడు. ఆ తరువాత ఒకసారి బెర్గర్, తోటి డ్రైవర్ అయిర్టన్ సెన్నా ఇద్దరూ ఆ గోడను వెనక్కి జరిపించే దారి ఉందేమో చూద్దామని నడిచి వెళ్లారు. అవతలికి తొంగి చూస్తే సాంటెర్నో ఏరు పారుతోంది. జరపడానికి చోటు లేదు. చేసేదేమీ లేదనుకుని తిరిగి వచ్చేశారు. 1994 మే 1న సెన్నా కారు అదే వంపులో ఆ గోడను ఢీకొంది.

గోదావరి డెల్టాలో ఉండేవారికి ఇది ఎరుగని సంగతేమీ కాదు. ధవళేశ్వరం నుంచి కిందికి దిగిన కాలువలకు గట్లున్నాయి, గట్ల మీద రోడ్లున్నాయి. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి ఆ గట్లు నీటిని ఆపడానికి, తాడు పట్టుకుని పడవలు లాగేవాళ్లు నడవడానికి పనికొచ్చాయి. బస్సులు, లారీలు ఆ తరువాత ఎక్కాయి. ఒక పక్క కాలువ, రెండో పక్క పల్లంలో వరి చేను లేదా రొయ్యల చెరువు, నడుమ తారు. రెండు బస్సులు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాలి. లాకుల దగ్గర మలుపులో పిట్టగోడ ఉంటుంది. దాని అంచు ఎప్పుడో ఏదో బండి తగిలి పెచ్చులూడి ఉంటుంది, లోపలి ఇటుక ఎర్రగా కనబడుతుంది. మళ్లీ సున్నం వేసినవారు ఆ పెచ్చు మీద కూడా వేసి వెళ్లిపోతారు.

రేస్ డ్రైవర్ ఎవరైనా ట్రాక్ మీద చనిపోయినప్పుడు మొదలయ్యే చర్చ ఇమోలాలోనైనా, రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీది టీ కొట్టు దగ్గరైనా దాదాపు ఒకేలా సాగుతుంది. డబ్బున్నవాళ్ల సరదా, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు అంటారు కొందరు. తెలిసే దిగాడు, ఇష్టమైన పని చేస్తూ పోయాడు అంటారు ఇంకొందరు. పైకి ఈ రెండు మాటలకూ పొంతన లేనట్టే ఉంటుంది గానీ, రెండూ మనిషి గురించినవే. ఒకటి తిడుతుంది, ఇంకొకటి పొగుడుతుంది. గోడ ఊసు ఎవరూ ఎత్తరు. మోటార్ రేసింగ్‌లో చావులు తగ్గాయంటే, ఎంత ఆలస్యంగానైనా ఆ ఊసు ఎత్తినవారి వల్లే.

1994లో ఇమోలాలో ఆ రేసు జరిగిన మూడు రోజులూ వరసగా ప్రమాదాలే. శుక్రవారం రూబెన్స్ బారికెల్లో కారు గాల్లోకి లేచి కంచెకు కొట్టుకుంది. శనివారం ఆస్ట్రియా డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బర్గర్ మరణించాడు. ఆదివారం సెన్నా. అతడి కారులో మడతపెట్టిన ఆస్ట్రియా జెండా దొరికింది. రేసు తరువాత రాట్జెన్‌బర్గర్ పేరు మీద ఎగరేద్దామని తెచ్చుకున్నాడు. గోడకు తగిలినప్పుడు కారు వేగం గంటకు 210 కిలోమీటర్ల పైనే. అయితే సెన్నాను చంపింది తలకు తగిలిన దెబ్బ. ముందు చక్రం, దాని సస్పెన్షన్ భాగం విరిగి వెనక్కి వచ్చి హెల్మెట్‌కు తగిలాయి.

తప్పెవరిదన్న ప్రశ్నను ఇటలీ కోర్టులు పట్టుకున్నాయి. స్టీరింగ్ కడ్డీకి చేసిన మార్పు మీద వాదోపవాదాలు నడిచాయి. 1997లో సెన్నా నడిపిన విలియమ్స్ జట్టు ముఖ్యులు నిర్దోషులుగా బయటపడ్డారు. 2007లో అత్యున్నత న్యాయస్థానం, జట్టు సాంకేతిక బాధ్యుడు పాట్రిక్ హెడ్‌కు బాధ్యత ఉందంటూనే కాలపరిమితి దాటిపోయిందని తేల్చింది. పదమూడేళ్లు పట్టిన ఆ తీర్పు కోసం ట్రాక్ ఆగలేదు. ఏరు కదలదు, గోడ కదలదు కాబట్టి 1995 నాటికి మలుపునే మార్చేశారు. నేరుగా దూసుకుపోయే వంపు స్థానంలో కుడి ఎడమలుగా మెలికలు తిరిగే దారి పెట్టారు. ఎంతటి మొనగాడైనా అక్కడ బ్రేకు తొక్కాల్సిందే.

ఆ మలుపు చెడ్డదని తెలియడానికి సెన్నా చావాల్సిన పని లేదు. 1987లో నెల్సన్ పికే అక్కడే గోడకు కొట్టుకున్నాడు, రెండేళ్లకు బెర్గర్. ఇద్దరూ బతికారు. బతకడమే చిక్కు తెచ్చిపెట్టింది: పెద్ద దెబ్బ తగిలి కూడా మనిషి లేచి నడిస్తే, గోడ మంచిదేనన్న ధీమా వస్తుంది. డెల్టా ఊళ్లలో ప్రతి కాలువ మలుపుకూ ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. ఫలానా సంవత్సరం ట్రాక్టర్ పడింది, ఎవరికీ ఏమీ కాలేదు; మొన్న పెళ్లివారి కారు దిగింది, దేవుడి దయవల్ల అందరూ బయటపడ్డారు. ఈ కథలు చెప్పుకున్నప్పుడల్లా దేవుడి దయకు దండం పెడతారు, మలుపు అలాగే ఉంటుంది.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. చంపేది వేగం కాదు, ఆ వేగం ఎంత దూరంలో ఆగిపోయిందన్నది. గంటకు 50 కిలోమీటర్లు అంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. అంత వేగంతో వెళ్తున్న శరీరం కొబ్బరి చెట్టుకు తగిలి పది సెంటీమీటర్లలో ఆగితే, దాని మీద పడే తాకిడి సొంత బరువుకు దాదాపు వంద రెట్లు. అదే శరీరం ఒక మీటరు దూరంలో ఆగగలిగితే పది రెట్లు మాత్రమే. వేగం రెట్టింపయితే తాకిడి నాలుగింతలవుతుంది. రేసు ట్రాక్ అంచున కనబడే టైర్ల గోడలు, నలిగిపోయేలా కట్టిన కారు ముందుభాగం, ఆరు పట్టీల సీటు బెల్టు, అన్నీ ఆ పది సెంటీమీటర్లను మీటరు చేయడానికే. హెల్మెట్ లోపల థర్మోకోల్ లాంటి పొర ఉండేది కూడా అందుకే. ఆ కాస్త మందమూ నలిగి, పుర్రె ఆగే దూరాన్ని పెంచుతుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. అందుకే దెబ్బతిన్న హెల్మెట్‌ను రేసర్లు మళ్లీ పెట్టుకోరు. అన్నదమ్ములు ముగ్గురు వాడిన హెల్మెట్‌ను పట్టీ తెగిపోయినా అద్దానికి తగిలించుకు తిరిగే మన అలవాటుకు ఈ మాట రుచించకపోవచ్చు.

ట్రాక్ అంచున కంకర మడుగులు పెట్టిన వెనక ఊహ కూడా గోదావరివారికి సులభంగానే అర్థమవుతుంది. ఇసుక రేవులో దిగిన ఎడ్లబండి కూరుకుపోయినట్టు కారు కూరుకుపోవాలన్నదే అందులోని ఎత్తు. చాలాసార్లు అది పనిచేసింది. కానీ అడుగు భాగం చదునుగా ఉండే రేసు కారు మంచి వేగంలో ఉంటే, కాలువలో పెంకు విసిరితే కప్పగంతులేసినట్టు కంకర మీద తేలిపోతుంది. పక్కకు తిరిగితే చక్రం గుచ్చుకుని పల్టీలు కొడుతుంది. దాంతో అనేక ట్రాకులు కంకర తీసి వెడల్పాటి తారు వేశాయి. అప్పుడు ఇంకో ఫిర్యాదు మొదలైంది: గీత దాటినా నష్టం లేదు గనుక డ్రైవర్లు కావాలనే దాటుతున్నారని. ఆ ఫిర్యాదు నిజమే. భద్రత కోసం చేసిన ఏ మార్పైనా మనిషి ప్రవర్తనను కొంత మారుస్తుంది, మారుస్తుంది కదా అని మార్పే వద్దనడం వితండవాదం.

మన దేశంలో ఈ చర్చ 2023లో రెండుసార్లు రేగింది, రెండుసార్లూ చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ నుంచే. ఆ ఏడాది జనవరి 8న జాతీయ కార్ రేసింగ్ పోటీలో 59 ఏళ్ల కె.ఇ.కుమార్ మరణించారు. ఆయన కారు మరో కారుకు తగిలి, ట్రాక్ దాటి కంచెకు కొట్టుకుని తలకిందులైంది. ఆగస్టు 5న మోటార్‌సైకిల్ పోటీలో 13 ఏళ్ల బాలుడు ప్రాణం కోల్పోయాడు. మిగిలిన పోటీలు రద్దు చేశారు. మొదటి చావుకు వయసు ఎక్కువన్నారు, రెండో చావుకు వయసు తక్కువన్నారు. పిల్లల వయసు గురించిన ప్రశ్న తీసిపారేయదగినది కాదు. పదమూడేళ్లవాడు తెలిసి దిగాడనే మాట ఎవరూ అనలేరు; తెలిసి దింపింది పెద్దలు. అయినా కంచె ఎక్కడ ఉంది, ఏ ఎత్తున ఉంది, పడిన మనిషి దగ్గరికి వైద్యుడు ఎన్ని సెకన్లలో చేరాడు అన్న ప్రశ్నలకు వార్తల్లో దక్కిన చోటు, వయసుకు దక్కిన చోటులో పదోవంతు కూడా లేదు.

రేసింగ్ లోపలివారే భద్రతను ఎగతాళి చేసిన కాలం చాలా ఉంది. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద వానలో జాకీ స్టీవర్ట్ కారు దారి తప్పి బయట పడింది. స్టీరింగ్ కింద ఇరుక్కుని, ఒళ్లంతా పెట్రోలు తడిసి, దాదాపు అరగంట అలాగే ఉన్నాడు. తీసింది సహాయ సిబ్బంది కాదు, తోటి డ్రైవర్లు. వారి దగ్గర పనిముట్లు లేకపోతే రేసు చూడడానికి వచ్చిన ఒకరి కారులోంచి స్పానర్ అడిగి తెచ్చుకున్నారు. ప్రథమ చికిత్స గదిలో నేల మీద సిగరెట్ పీకలున్నాయని స్టీవర్ట్ తరువాత గుర్తుచేసుకున్నాడు. ఆ తరువాత తన కారులో స్పానర్ ఒకటి టేపుతో అంటించుకుని తిరిగాడు. కంచెలు, వైద్యులు, అగ్నిమాపక సిబ్బంది కావాలని అడిగినందుకు పిరికివాడనిపించుకున్నాడు. మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషికి ఆ మాట తప్పలేదంటే, గట్టు రోడ్డు మీద బెల్టు పెట్టుకునే వ్యాను డ్రైవర్‌ను తోటివారు ఆటపట్టించడంలో వింతేముంది?

అమెరికాలో 2001 ఫిబ్రవరి 18న డేటోనా రేసు చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగు విరిగి చనిపోయాడు. తల ముందుకు విసురుగా కదలకుండా హెల్మెట్‌ను భుజాలకు కట్టిపెట్టే హాన్స్ అనే సాధనం అప్పటికే ఉంది. అది తనకు వద్దన్నాడు. అదే ఏడాది అక్టోబరులో, ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ అలాంటి సాధనాన్ని తప్పనిసరి చేసింది. 2018లో ఫార్ములా వన్ కార్లకు డ్రైవర్ తల చుట్టూ హేలో అనే టైటానియం కడ్డీ బిగించినప్పుడు హవాయి చెప్పు పట్టీలా ఉందని అభిమానులు వెక్కిరించారు. దాన్ని వ్యతిరేకించిన డ్రైవర్లలో రొమైన్ గ్రోజాన్ ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో అతడి కారు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెను చీల్చుకుంటూ వెళ్లి రెండు ముక్కలై మండిపోయింది. కంచె రేకు తలకు తగలకుండా హేలో అడ్డుకుంది. సగం నిమిషానికి కాస్త తక్కువలో అతడు మంటల్లోంచి తనంతట తాను బయటికి వచ్చాడు. తొలి ల్యాపులో కార్ల వెనకే డాక్టరు కారు వెళ్లాలన్న నియమం వల్ల వైద్యుడు అప్పటికే అక్కడున్నాడు. ఆ నియమం 1978లో మోంజాలో రోనీ పీటర్సన్ మరణం తరువాత ఫార్ములా వన్ వైద్యుడు డాక్టర్ సిడ్ వాట్కిన్స్ పట్టుబట్టి సాధించినది. గ్రోజాన్ ఆసుపత్రి మంచం మీంచి హేలోకు కృతజ్ఞత చెప్పాడు.

అన్నిటికంటే ఆలోచించదగినది ఫార్ములా వన్ డ్రైవర్ జూల్ బియాంకీ ఉదంతం. 2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకాలో వాన. ఒక కారు జారి బయటికి పోతే దాన్ని ఎత్తడానికి క్రేన్ దింపారు. వేగం తగ్గించమని పసుపు జెండాలు ఊపుతున్నారు. బియాంకీ కారు అదే చోట జారి క్రేన్ కిందికి దూరింది. తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి 2015 జూలై 17న మరణించాడు. విచారణ సంఘం, అతడు తగినంత వేగం తగ్గించలేదని తేల్చింది. అంటే తప్పు కాగితం మీద డ్రైవర్‌కే వెళ్లింది. కుటుంబం దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఆ సంఘం తరువాత అమలైన మార్పు చూడండి. 2015 నుంచి వర్చువల్ సేఫ్టీ కార్ పద్ధతి వచ్చింది. ప్రమాదం జరిగితే అందరి డ్యాష్‌బోర్డు మీదా ఇంత వేగానికి మించరాదన్న లెక్క వెలుగుతుంది, మించితే శిక్ష. పసుపు జెండా డ్రైవర్‌ను బతిమాలుతుంది, ఇది ఆజ్ఞాపిస్తుంది. తప్పు డ్రైవర్‌దేనని నమ్మినవారు కూడా మందు మాత్రం డ్రైవర్ వివేకానికి వదిలిపెట్టలేదు.

మన రోడ్ల మీద తప్పు, మందు ఈ రెండూ కలిసిపోతాయి. ఎవరిదో తప్పని తేలగానే పని ముగిసినట్టే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 71.2 శాతం చావులకు అతివేగం కారణమని అదే నివేదిక చెబుతుంది. ఆ అంకెకు మూలం పోలీసు నమోదులు. పోలీసు కేసు రాసే పద్ధతిలో బండి నడిపినవాడి అజాగ్రత్త ముందు వరసలో ఉంటుంది, గట్టు వెడల్పు ఎక్కడో చివర. 2015 జూన్ 13న ధవళేశ్వరం బ్యారేజీ మీంచి యాత్రికుల వాహనం కింద పడి 22 మంది చనిపోయినప్పుడు డ్రైవర్ కునుకు తీశాడేమోనన్న అనుమానమే ముందుగా నోళ్లలో నానింది. కునికి ఉండవచ్చు. రాత్రంతా బండి నడిపినవారు కునుకుతారు, ఎంత శిక్ష పెట్టినా కొందరు కునుకుతూనే ఉంటారు. రేసు ట్రాక్ కట్టేవాడు అక్కడి నుంచే లెక్క మొదలుపెడతాడు: కునికిన బండిని ఆ అంచు ఆపిందా, ఆపలేదా?

చట్టంలో దీనికి కాస్త చోటు లేకపోలేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు రూపకల్పనలో గానీ నిర్మాణం, నిర్వహణలో గానీ ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోతే సంబంధిత అధికారి లేదా కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా. అదే సవరణలో మైనర్ బాలుడికి బండి ఇచ్చిన తండ్రికి మూడేళ్ల వరకు జైలు, పాతిక వేల జరిమానా. తండ్రికి జైలు ఉండడం సబబే. గట్టు కట్టిన కాంట్రాక్టరుకు జైలు మాట లేకపోవడం గమనించాలి.

రేసింగ్ నుంచి డెల్టా నేర్చుకోవడానికి బాగా కావలసింది, మనిషిని బయటికి తీసే పని. కారు కాలువలో పడినప్పుడు చాలామందిని చంపేది దెబ్బ కాదు, నీరు. కారు తలుపుకు ఒక చదరపు మీటరు వైశాల్యం, దానికి బయట మీటరు ఎత్తున నీరు, లోపల ఇంకా ఖాళీ అనుకుంటే, తలుపు మీద ఒత్తిడి సుమారు అయిదు వందల కిలోలు. అంటే మన 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరేడు తలుపుకు అడ్డంగా పేర్చినట్టు. ఎంత బలవంతుడూ తొయ్యలేడు. నీరు అద్దం ఎత్తుకు రాకముందే బెల్టు విప్పి అద్దం దించుకుని బయటపడాలి. కరెంటు అద్దాలు తడిస్తే ఎంతసేపు పనిచేస్తాయన్నది అదృష్టం. ఫార్ములా వన్ డ్రైవర్ స్టీరింగ్ ఊడదీసుకుని కొన్ని సెకన్లలో బయటికి రాగలడని ముందుగా పరీక్ష పెట్టి నిరూపించుకోవాలి. ఇక్కడ ఆ పని చేసేది గట్టున గడ్డి కోస్తున్న రైతు, వల వేస్తున్న మనిషి, పక్క చేలోని ట్రాక్టరు, ఎవరింట్లోనో దొరికిన మోకు. వారి తెగువ వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ స్టీవర్ట్‌కు స్పానర్ దొరికినట్టు మోకు దొరకడం ఏర్పాటు అనిపించుకోదు. లాకుల దగ్గర ఒక మోకు, ఒక సుత్తి, రెండు గాలి ట్యూబులు ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రమాదం జరిగాక ఊరివారు రాస్తారోకో చేసి స్పీడ్ బ్రేకర్ కావాలని అడగడం డెల్టాలో తరచూ చూసేదే. టాంబురెల్లోను మెలిక తిప్పినవారి బుద్ధి, ఈ ఊరివారి బుద్ధి ఒకటే: బోర్డు పెట్టి బతిమాలడం కంటే వేగం తగ్గేలా చేయడం మేలు. తేడా తరువాత వస్తుంది. కోపంలో రాత్రికి రాత్రి పోసిన ఆ గుట్టకు రంగు ఉండదు, ముందు హెచ్చరిక ఉండదు, ఎత్తు కొలత ఉండదు. వెనక కూర్చున్న ముసలమ్మ ఎగిరిపడేది అక్కడే. సెన్నా చనిపోయిన నెలలోనే బార్సిలోనా ట్రాక్‌లో డ్రైవర్ల పట్టు మీద టైర్లు పేర్చి హడావిడిగా ఒక మెలిక కట్టారు. ఆ తరువాతి ఏళ్లలో కొలతలు తీసి, పరీక్షలు చేసి శాశ్వత మార్పులు తెచ్చారు. మన గుట్ట మాత్రం వేసిన రోజు ఎలా ఉందో అరిగిపోయేదాకా అలాగే ఉంటుంది.

ట్రాక్‌నూ రోడ్డునూ పూర్తిగా ఒకే గాట కట్టలేం. ట్రాక్ మీద ఎదురు వచ్చే బండి ఉండదు, గేదెలు ఉండవు. అందుకే ట్రాక్ మీద వేగం కంటే రోడ్డు మీద వేగం ఎక్కువ ప్రమాదం. 1958 ప్రపంచ చాంపియన్ మైక్ హాతార్న్ రేసులు మానుకున్న కొద్ది నెలలకే, 1959 జనవరిలో, ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫర్డ్ బైపాస్ మీద సొంత కారులో వెళ్తూ మరణించాడు. జాతీయ చాంపియన్ అశ్విన్ సుందర్ 2017లో చనిపోయింది కూడా చెన్నై రోడ్డు మీదే, ట్రాక్ మీద కాదు. సైలెన్సర్ మార్చిన బళ్లతో రాత్రిళ్లు కొత్త బైపాస్‌ల మీదికి చేరే కుర్రాళ్లకు ఈ రెండు పేర్లూ తెలిస్తే మంచిది. చట్టంలో 189 సెక్షన్ ప్రకారం అనుమతి లేని రేసుకు మూడు నెలల వరకు జైలు లేదా అయిదు వేల జరిమానా ఉంది. ఉన్నా వారు వెళ్తూనే ఉన్నారు. డెల్టాలో ఏ కుర్రాడి ఇంటి నుంచి చూసినా దగ్గరి రేసు ట్రాక్ వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

చూసేవారి మాట కూడా ఉంది. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో ఒక కారు జనం మీదికి ఎగిరిపడి ఎనభై మందికి పైగా చనిపోతే, స్విట్జర్లాండ్ ట్రాక్ రేసుల్ని నిషేధించి దశాబ్దాల పాటు ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ దగ్గర కార్ల ర్యాలీ పోటీ కోసం మూసిన దారిలోకి ఒక మోటార్‌సైకిల్ వచ్చి, దాని మీదున్న ఒకే కుటుంబంలోని ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. సంక్రాంతి ఎడ్ల పందాల్లో బండి వెళ్లే దారి అంచునే పిల్లల్ని భుజానికెత్తుకుని నిలబడే మన జనాన్ని తలచుకుంటే, ఈ ప్రాంతంలో ఎప్పుడైనా మోటారు రేసు పెట్టాలనుకునేవారు ముందు కారు కోసం కాక కంచె కోసం డబ్బు పోగుచేయాలి.

కోతల రోజుల్లో డెల్టా రోడ్ల మీద సగం దాకా ధాన్యం ఆరబోస్తారు. కళ్లాలు తగ్గిపోయాయి, వాన భయం, రైతుకు వేరే దారి లేదు. ఆ గింజల మీదికి బండి చక్రం ఎక్కితే నూనె మీద ఎక్కినట్టే. ట్రాక్ మీద జారుడు ఉంటే, పక్కన కాపలా ఉండే మార్షల్ పసుపు, ఎరుపు చారల జెండా చూపిస్తాడు. ఇక్కడ ధాన్యం రాశికి పది అడుగుల ముందు ఒక కొబ్బరి మట్ట అడ్డంగా పడి ఉంటుంది, దాని మీద గాలికి కదలకుండా ఒక రాయి. పగలు అది దూరం నుంచే కనబడుతుంది. చీకటి పడ్డాక, ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో పడుతున్నప్పుడు, మట్ట కనబడదు, రాయి తగులుతుంది.